బైకుకి ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోవాలా? రాయగడ, పర్లాకిమిడి, కొరాపుట్ వైపు ఉండేవాళ్ల కోసం

కొత్త బండి డెలివరీ రోజు, కాగితాల మీద సంతకాలన్నీ అయ్యాక షోరూంలో ఒక ప్రశ్న వస్తుంది: "ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా వేసేయమంటారా?" అంటే ఇంకొంత డబ్బు కట్టి, బండితో వచ్చే వారంటీని మరికొన్నేళ్లు పొడిగించుకోవడం. బయట ఇంట్లోవాళ్లు కొబ్బరికాయ, నిమ్మకాయలు పట్టుకుని మంచి గడియ దాటిపోతోందని తొందరపెడుతుంటారు. లక్ష దాటిన బిల్లులో ఇంకో రెండు వేలు పెద్దగా కనిపించవు. అందుకే చాలామంది సరే అనేస్తారు. ఇదంతా షోరూం వాళ్ల వ్యాపారం అనుకునేవాళ్లు వద్దంటారు. ఇద్దరూ తమ ఊరి నుంచి సర్వీస్ సెంటర్ ఎంత దూరమో లెక్క వేసుకోరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, జయపురం చుట్టుపక్కల ఉండేవాళ్లకి ఈ వారంటీ లాభమో నష్టమో తేల్చేది ఆ దూరమే. ప్లాన్ ధర తర్వాతి మాట. విశాఖపట్నంలో ఉండే మన చుట్టం "తప్పకుండా తీసుకో" అంటే అది అతని వీధి చివర సర్వీస్ సెంటర్ ఉంది కాబట్టి. కాశీపూర్‌లో, నారాయణపట్నలో, బంధుగావ్‌లో ఉండేవాళ్ల లెక్క వేరు.

మామూలు వారంటీ మీకు ఎన్నాళ్లు వస్తుంది?

ఎక్స్‌టెండెడ్ అనే ముందు అసలు వారంటీ ఎంతో చూడాలి. కంపెనీకో రకంగా ఉంటుంది. హీరో బైకులకు సాధారణంగా 5 ఏళ్లు లేదా 70,000 కిలోమీటర్లు. హోండా 3 ఏళ్లు మామూలు వారంటీ ఇచ్చి, డబ్బు కడితే ఇంకో 7 ఏళ్ల వరకు పొడిగించుకునే ప్లాన్‌ని 2023లో తెచ్చింది. యమహా మామూలుగా 2 ఏళ్లే ఇచ్చేది, 2025లో దానికి మరో 8 ఏళ్లు కలిపి మొత్తం పదేళ్లు అని ప్రకటించింది. ఆ అదనపు ఏళ్లు ఇంజిన్‌కి సంబంధించిన భాగాలకే. మోడల్‌ని బట్టి, కొన్న తేదీని బట్టి ఇవి మారుతుంటాయి కాబట్టి మీ బండితో వచ్చిన పుస్తకంలో రాసిందే ఖాయం.

వీటన్నిటికీ వెనుక ఒక చిన్న వాక్యం ఉంటుంది: ఏళ్లూ కిలోమీటర్లలో ఏది ముందు పూర్తయితే అది. ఆ వాక్యమే మన నిర్ణయాన్ని సగం తేలుస్తుంది.

గుణుపూర్‌లో ఉంటూ పద్మపూర్, గుడారి, రమణగుడ తిరిగే మెడికల్ రిప్రజెంటేటివ్‌ని తీసుకోండి. లేదా మైక్రోఫైనాన్స్ వసూళ్లకి ఊళ్లు తిరిగే కుర్రాడు. రోజుకి 60 కిలోమీటర్లు, నెలకి 25 రోజులు అంటే ఏడాదికి 18,000 కిలోమీటర్లు. 70,000 కిలోమీటర్ల వారంటీ అతనికి నాలుగేళ్లు నిండకముందే అయిపోతుంది. పుస్తకంలో 5 ఏళ్లు అని ఉన్నా అతనికి ఆ ఐదో ఏడు లేదు. అతను ఎక్స్‌టెండెడ్ ప్లాన్‌లో చూడాల్సింది ఎన్ని ఏళ్లు అని కాదు, ఎన్ని కిలోమీటర్లు అని.

అదే పర్లాకిమిడిలో కిరాణా దుకాణం ఉన్న ఆయన ఇంటికీ దుకాణానికీ హోల్‌సేల్ వీధికీ కలిపి రోజుకి 10 కిలోమీటర్లు తిరిగితే ఐదేళ్లకి సుమారు 18,000 కిలోమీటర్లే అవుతాయి. అతని బండికి ఐదేళ్ల మామూలు వారంటీ ఉంటే, అదనంగా కట్టేది ఆరో ఏడు నుంచి పనికొచ్చే రక్షణకి. నెమ్మదిగా తిరిగిన 100 సీసీ బండిలో ఆరో ఏడు తయారీ లోపం బయటపడటం అరుదు. ఇలాంటివాళ్లు ఈ డబ్బు మిగుల్చుకోవచ్చని నేను ధైర్యంగా చెబుతాను.

ఏది కవర్ అవుతుంది, ఏది కాదు

ఎక్కువ గొడవలు వచ్చేది ఇక్కడే. వారంటీ అంటే బండికి ఏం జరిగినా ఫ్రీగా చేస్తారు అనుకుంటారు. అది తయారీ లోపానికి ఇచ్చే హామీ మాత్రమే.

వాడకంలో అరిగేవి ఏ ప్లాన్‌లోనూ రావు. బ్రేక్ షూలు, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేట్లు, చైన్ సెట్, కేబుళ్లు, బల్బులు, స్పార్క్ ప్లగ్, ఫిల్టర్లు, ఆయిల్, రబ్బరు సామాన్లు మీ ఖర్చే. టైర్లకి, బ్యాటరీకి వాటిని తయారుచేసిన కంపెనీ వారంటీ విడిగా ఉంటుంది. సుంకి ఘాటీ మీద సాలూరు, కొరాపుట్ మధ్య తరచూ తిరిగేవాళ్లకి అరిగేవి ఇవే. దిగేటప్పుడు బ్రేకులు, ఎక్కేటప్పుడు క్లచ్, వానాకాలం బురదలో చైన్. కాబట్టి ఘాటీ రోడ్డు వాళ్లకి ఖర్చు ఎక్కువ, నిజమే, కానీ ఆ ఖర్చులో ఎక్కువ భాగం ఎక్స్‌టెండెడ్ వారంటీ ముట్టుకోనిదే. "మాది ఘాటీ రోడ్డు, బండి త్వరగా పాడవుతుంది, కాబట్టి వారంటీ ఉండాలి" అన్న ఆలోచన వినడానికి సబబుగా ఉంటుంది గానీ లెక్కకి నిలబడదు.

మరి కవర్ అయ్యేవి? ఇంజిన్ లోపలి భాగాలు, అంటే క్రాంక్, కనెక్టింగ్ రాడ్, క్యామ్, పిస్టన్, గేర్‌బాక్స్. మంచి ప్లాన్ అయితే ఎలక్ట్రికల్ సామాన్లు కూడా: సెల్ఫ్ మోటార్, మాగ్నెట్ కాయిల్, రెగ్యులేటర్, ఫ్యూయల్ పంప్, ఇంజెక్టర్, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్), ఏబీఎస్ యూనిట్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది), డిజిటల్ మీటర్. ఇందులో రెండో వరసే ఇప్పటి బళ్లలో అసలు విషయం.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక చాలా బళ్లలో కార్బురేటర్లు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. 125 సీసీ దాటిన బళ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచే ఏబీఎస్ తప్పనిసరి. పాత స్ప్లెండర్ సంత రోడ్డు మీద ఆగిపోతే మెకానిక్ కార్బురేటర్ విప్పి, ఊది, బిగించి పంపించేవాడు. ఇప్పుడు ఈసీయూ పోతే ఊదడానికి ఏమీ లేదు, కొత్తది వేయాల్సిందే, దాని ధర వేలల్లో ఉంటుంది. మీటర్ మొత్తం ఒకే స్క్రీన్‌గా వచ్చే బళ్లలో చిన్న లోపానికి కూడా మొత్తం యూనిట్ మార్చమంటారు. అందువల్ల "ఇంజిన్‌కి మాత్రమే" ఉన్న ప్లాన్ కన్నా ఎలక్ట్రానిక్స్ కూడా ఉన్న ప్లాన్‌కి విలువ ఎక్కువ. ఇంజిన్ అంత తేలిగ్గా పోదు. సెన్సార్లు, కాయిళ్లు, పంపులు పోతాయి. షోరూంలో కరపత్రం మీద పెద్ద అక్షరాల్లో "పదేళ్లు" అని ఉంటే, ఆ పదేళ్లు ఏ భాగాలకో కింద చదవండి.

ఇంకో చిక్కు. వారంటీ కింద ఇంజిన్ విప్పినా, లోపల పోసే కొత్త ఆయిల్, గాస్కెట్లు, కూలెంట్‌కి చాలా ప్లాన్లలో డబ్బు తీసుకుంటారు. లేబర్ ఛార్జీ ప్లాన్‌లో ఉందో లేదో కొనేముందే అడగాలి.

వారంటీ ఎలా చచ్చిపోతుంది

మన ప్రాంతంలో వారంటీ పనికిరాకుండా పోయే కారణాలు నాలుగైదు ఉన్నాయి. వాటిని బాగా తెలుసుకోవాలి, ఎందుకంటే డబ్బు కట్టి కూడా నష్టపోయేది వీటివల్లే.

మొదటిది తప్పిన సర్వీసు. పుస్తకంలో రాసిన కిలోమీటర్లకో రోజులకో కంపెనీ గుర్తింపు ఉన్న సర్వీస్ సెంటర్‌లోనే సర్వీస్ చేయించాలి. ఒకటి రెండు తప్పితే క్లెయిమ్ రోజున కంప్యూటర్‌లో ఆ ఖాళీ కనిపిస్తుంది. "వానలకి రోడ్డు పోయింది, రాలేకపోయాం" అంటే అక్కడివాళ్లు జాలిపడతారే తప్ప క్లెయిమ్ పాస్ చేయలేరు.

రెండోది సీసా పెట్రోల్. లోపలి ఊళ్లలో బంకులు దూరం కాబట్టి బడ్డీ కొట్లో లీటరు సీసాల్లో అమ్ముతారు. అందులో ఏం కలిసిందో అమ్మేవాడికే తెలియకపోవచ్చు. పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. మూత వదులుగా ఉన్న సీసాలో వానాకాలమంతా ఉన్న పెట్రోల్‌లో నీళ్లు ఎక్కువైతే అవి అడుగుకి దిగుతాయి, ట్యాంకులో ఫ్యూయల్ పంప్ ఉండేదీ ఆ అడుగునే. పంప్ పోయిందని తీసుకెళ్తే ట్యాంకులో కల్తీ కనిపించిందని రాసి క్లెయిమ్ తిప్పి పంపుతారు. గుణుపూర్ వైపు మా బంధువుల అబ్బాయికి సరిగ్గా ఇదే జరిగింది. సర్వీసులన్నీ టైముకి చేయించాడు, ప్లాన్ కట్టాడు, కాగితాలన్నీ ఉన్నాయి. అయినా పంప్ డబ్బులు అతనే పెట్టుకున్నాడు.

మూడోది అదనపు లైట్లు. చలికాలం పొట్టంగి, సెమిలిగుడ వైపు తెల్లవారుజామున మంచులో ముందు ఏముందో కనపడదు. ఫాగ్ లైట్లు పెట్టించుకోవడం అక్కడ షోకు కాదు, అవసరం. కానీ బయట షాపులో వైర్ కోసి అతికిస్తే, రేపు ఈసీయూ పోయినా కాయిల్ పోయినా "వైరింగ్ కట్ చేశారు" అంటారు. కంపెనీ యాక్సెసరీగా దొరికే లైట్లే షోరూంలో వేయించుకుని బిల్లులో రాయించుకోండి. ధర ఎక్కువే, అయినా వారంటీ తీసుకునేవాళ్లకి అదే దారి. ఆ లైట్ల ఖర్చు భరించలేం అనుకుంటే ఎక్స్‌టెండెడ్ వారంటీ మీద కూడా డబ్బు పెట్టకండి. రెండూ కలవవు.

దారిలో బండి ఆగిపోతే ఏం చేయాలన్నది కూడా ముందే అనుకోవాలి. పంక్చర్, చైన్, కేబుల్, బల్బు, బ్రేక్ ఇవన్నీ ఏ మెకానిక్ చేసినా ఫర్వాలేదు. ఇంజిన్ కవర్ విప్పడం, వైరింగ్ ముట్టుకోవడం, ఫ్యూయల్ పంప్ తీయడం మాత్రం బయట చేయించకూడదు. అలాంటప్పుడు బండిని ట్రక్ ఆటోలోనో పికప్ వ్యాన్‌లోనో ఎక్కించి తీసుకెళ్లాలి, ఆ కిరాయి కూడా లెక్కలో ఉంటుంది. రోడ్ సైడ్ అసిస్టెన్స్ ఉందని అమ్మితే, మీ ఊరు వాళ్ల పరిధిలో ఉందో లేదో, షోరూం నుంచి ఎన్ని కిలోమీటర్ల దాకా ఉచితంగా వస్తారో అడగండి. దేశమంతటా సేవ అని రాసి ఉన్నంత మాత్రాన రాత్రి ఏడింటికి మునిగుడ దాటాక మనిషి వస్తాడని కాదు.

వాగు దాటుతుంటే ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లడం, బండి పడి క్రాంక్ కేస్ పగలడం, కిరాయికి తిప్పడం, ఓవర్‌లోడ్. ఇవి ఏ వారంటీలోనూ రావు.

దూరం ఖరీదు

ఇప్పుడు మొదట చెప్పిన మాటకి వస్తాను. మీ ఊరి నుంచి సర్వీస్ సెంటర్ 60 కిలోమీటర్లు అనుకుందాం. వెళ్లి రావడానికి 120. లీటరుకి 50 ఇచ్చే బండికి దాదాపు రెండున్నర లీటర్లు, అంటే 250 రూపాయలు. ఒక రోజు పని పోతుంది, దాన్ని 600 అనుకోండి. ఏడాదికి మూడు సర్వీసులంటే దారి ఖర్చు, పని నష్టం కలిపి రెండున్నర వేలు దాటుతుంది. సర్వీస్ బిల్లు ఇంకా కలపలేదు. అదనంగా మూడేళ్లు పొడిగిస్తే ఆ మూడేళ్లకి ఈ రెండూ కలిపే ఏడున్నర వేలు దాటుతుంది. ప్లాన్‌కి కట్టిన రెండు వేలు దీని ముందు చిన్నది.

మామూలు వారంటీ ఉన్నన్నాళ్లూ ఎలాగూ వెళ్లాలి, కాబట్టి ఆ ఏళ్ల ఖర్చుని ఎక్స్‌టెండెడ్ ఖాతాలో వేయక్కర్లేదు. మామూలు వారంటీ అయిపోయిన తర్వాతి ఏళ్లకే ఈ లెక్క. ఆ ఏళ్లలో ఊళ్లో నమ్మకమైన మెకానిక్ దగ్గర చేయించుకుంటే మిగిలే డబ్బుతో ఒక ఫ్యూయల్ పంపో సెల్ఫ్ మోటారో మీరే వేయించుకోవచ్చు.

రాయగడ టౌన్‌లో, బరంపురంలో, జయపురంలో ఉండేవాళ్లకి ఈ దారి ఖర్చు దాదాపు సున్నా. వాళ్లకి ప్లాన్ ధరే మొత్తం ధర. 150 సీసీ పైన బండి, ఏబీఎస్, డిజిటల్ మీటర్ ఉన్నవాళ్లు టౌన్‌లో ఉంటే తీసుకోమనే అంటాను. ఉద్యోగరీత్యా వారానికోసారి జిల్లా కేంద్రానికి వెళ్లే టీచర్లు, కలెక్టరేట్ పనులున్నవాళ్లు కూడా ఈ వరసలోకే వస్తారు. వేరే పని మీద వెళ్తూ సర్వీస్‌కి ఇచ్చి సాయంత్రం తెచ్చుకుంటారు కదా.

ఎవరు అమ్ముతున్నారు?

సరిహద్దులో ఉండేవాళ్లకి ఇది చాలా ముఖ్యం. ఎక్స్‌టెండెడ్ వారంటీ పేరుతో అమ్మేవి అన్నీ ఒకటి కావు.

బండి తయారుచేసిన కంపెనీ ఇచ్చే ప్లాన్ ఛాసిస్ నంబర్ మీద కంప్యూటర్‌లో నమోదవుతుంది. పర్లాకిమిడిలో కొన్నా పాతపట్నంలో చూపించుకోవచ్చు, పార్వతీపురంలో కొన్నా రాయగడలో చూపించుకోవచ్చు. మనవాళ్లు ధర తేడా చూసి, పండగ ఆఫర్ చూసి రాష్ట్రం దాటి కొనడం మామూలే. పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లాలో, అత్తిల్లు గజపతి జిల్లాలో ఉన్న కుటుంబాల్లో బండి రెండు వైపులా తిరుగుతుంది. అలాంటివాళ్లకి కంపెనీ ప్లాన్ ఒక్కటే పనికొచ్చేది.

డీలర్ సొంతంగా ఇచ్చే ప్లాన్ ఆ డీలర్ దగ్గరే చెల్లుతుంది. ఇచ్ఛాపురంలో కొని బరంపురంలో ఉంటే ప్రతి సమస్యకీ ఇచ్ఛాపురం వెళ్లాలి. డీలర్‌షిప్ మూతపడితే కాగితం కాగితంగానే ఉంటుంది. ధర తక్కువగా ఉన్నా దీని జోలికి వెళ్లొద్దు.

మూడో రకం, బయటి సంస్థలు షోరూం ద్వారా అమ్మేవి. వీటిలో క్లెయిమ్ ముందుగా ఫోన్‌లో చెప్పి అనుమతి తీసుకోవాలి, ఏడాదికి ఇంత మొత్తం వరకే అనే పరిమితులుంటాయి. కాగితం మీద బండి కంపెనీ లోగో ఉన్నా కింద సర్టిఫికెట్ ఎవరి పేరు మీద ఉందో చూడండి.

ఏది తీసుకున్నా సర్టిఫికెట్ నంబర్ అడిగి, ఒకటి రెండు వారాల్లో కంపెనీ యాప్‌లోనో వేరే షోరూంలోనో మీ ఛాసిస్ నంబర్ చెప్పి నమోదైందో లేదో చూసుకోవాలి. డబ్బు తీసుకుని కంప్యూటర్‌లో ఎక్కించడం మరచిపోతే, మూడేళ్ల తర్వాత ఆ బిల్లు ముక్కతో వాదించడం కష్టం.

రిజిస్ట్రేషన్ వేరే విషయం. ఆంధ్రా నంబర్ బండిని ఒడిశాలో 12 నెలలకి మించి ఉంచితే చట్టం ప్రకారం ఇక్కడి నంబర్‌కి మార్చుకోవాలి. దానికీ వారంటీకీ సంబంధం లేదు, నంబర్ మారినా ఛాసిస్ నంబర్ అదే. కొత్త నంబర్‌ని సర్వీస్ సెంటర్ రికార్డులో రాయించుకుంటే చాలు.

అదే డబ్బు ఇంకెక్కడ పెట్టవచ్చు?

చేతిలో రెండు వేలే ఉంటే నేను ఎక్స్‌టెండెడ్ వారంటీని రెండో స్థానంలో పెడతాను. మొదటిది ఇన్సూరెన్స్.

సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త బైకుకి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒకేసారి కట్టించుకుంటున్నారు. అందుకే "నా బండికి ఐదేళ్లు ఇన్సూరెన్స్ ఉంది" అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఆ ఐదేళ్లూ ఉండేది ఎదుటివాళ్లకి జరిగిన నష్టానికి. మీ బండికి జరిగే నష్టానికి, అంటే ఓన్ డ్యామేజ్‌కి, చాలా పాలసీల్లో ఏడాదే ఉంటుంది. రెండో ఏడు నుంచి విడిగా రెన్యువల్ చేయించాలి. దొంగతనం, యాక్సిడెంట్, వరద, చెట్టు కూలడం ఇవన్నీ అందులో వస్తాయి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను గజపతి జిల్లాని, పలాస వైపు ఊళ్లని ఎలా దెబ్బకొట్టిందో ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. నీళ్లలో మునిగిన బండికి వారంటీ రూపాయి ఇవ్వదు. ఓన్ డ్యామేజ్ పాలసీ ఇస్తుంది. వాగుల మీదుగా తిరిగేవాళ్లు ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ తమ బండికి దొరుకుతుందేమో ఇన్సూరెన్స్ వాళ్లని అడగాలి. ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లి పాడైతే ఆదుకునేది అదే.

ఏఎంసీ అని ఇంకొకటి అమ్ముతారు. అది ఏడాది సర్వీసుల లేబర్‌ని ముందే తక్కువ ధరకి కట్టించుకోవడం. వారంటీతో దానికి సంబంధం లేదు. ఏడాదిలో ఎన్ని సర్వీసులకి నిజంగా వెళ్తారో చూసుకుని కట్టండి, నాలుగు సర్వీసుల ప్యాకేజీకి రెండుసార్లే వెళ్తే నష్టమే.

ప్లాన్ వద్దనుకున్నవాళ్లు ఆ డబ్బుని ఖర్చుపెట్టేయకుండా నెలకి వందో నూట యాభయ్యో పోస్టాఫీస్ రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే ఐదేళ్లకి ఒక పెద్ద రిపేరుకి సరిపడా ఉంటుంది. అప్పటికి బండి బాగానే ఉంటే డబ్బు మీదే. లోపలి ఊళ్లలో 100, 110 సీసీ బళ్లు నడిపే రైతులకి, చిన్న వ్యాపారులకి నేను చెప్పేది ఇదే. వాళ్ల బళ్ల సామాన్లు ప్రతి పట్టణంలో దొరుకుతాయి, వాటిని బాగుచేయగల మెకానిక్‌లు ప్రతి సంతలో ఉన్నారు.

ఎలక్ట్రిక్ స్కూటర్ కొనేవాళ్ల సంగతి మాత్రం పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ బండి ధరలో పెద్ద వాటా బ్యాటరీదే. పోతే ఊళ్లో ఎవరూ ఏమీ చేయలేరు. ఏథర్ లాంటి కంపెనీలు అదనపు డబ్బుకి బ్యాటరీ వారంటీని 8 ఏళ్లు లేదా 80,000 కిలోమీటర్ల దాకా పొడిగిస్తున్నాయి. ఎలక్ట్రిక్ కొంటే బ్యాటరీ పొడిగింపు తీసుకోవాల్సిందే. అది భరించలేకపోతే ఎలక్ట్రిక్ కొనడమే వాయిదా వేసుకోవడం నయం.

ఎప్పుడు కట్టాలి?

డెలివరీ రోజే కట్టాలన్న తొందర అక్కర్లేదు. చాలా కంపెనీలు మామూలు వారంటీ నడుస్తుండగా ఎప్పుడైనా తీసుకోనిస్తాయి. ఆలస్యమైన కొద్దీ ధర పెరుగుతుంది, కొన్నిచోట్ల బండిని తనిఖీ చేశాకే ఇస్తారు. కాబట్టి షోరూంలో ఒక్క మాట అడగండి: "ఈ ధరకి ఎప్పటి దాకా తీసుకోవచ్చు?" ఆ గడువులోగా మొదటి రెండు సర్వీసులు అయిపోతే మీకు తెలియాల్సింది తెలిసిపోతుంది. టైముకి వెళ్లగలిగారా? సర్వీస్ సెంటర్‌లో పని బాగుందా? సామాన్లు అక్కడ ఉంటున్నాయా, భువనేశ్వర్ నుంచి రావాలంటున్నారా? ఇంటి దగ్గర ఊహించుకునే దానికన్నా ఈ రెండు సర్వీసులు చెప్పే సమాధానం నిజం.

ఫైనాన్స్‌లో కొనేవాళ్లు ఒక్కటి చూసుకోండి. ప్లాన్ డబ్బుని లోన్‌లో కలిపేస్తే దాని మీద కూడా మూడేళ్లు వడ్డీ కడతారు. అడగకుండానే కలిపేయడం కూడా జరుగుతుంది. ఆన్ రోడ్ ధర ఎంత, అందులో ఏవేవి ఉన్నాయి, ఒక్కొక్కటీ విడివిడిగా రాసిమ్మనండి. కావాలనుకుంటే ప్లాన్‌ని చేతి డబ్బుతో కట్టి వేరే బిల్లు తీసుకోండి.

క్లెయిమ్ కాదన్నప్పుడు

బండిలో తేడా మొదలైన రోజే సర్వీస్ సెంటర్‌లో చెప్పి జాబ్ కార్డ్ మీద, అంటే బండి ఇచ్చేటప్పుడు వాళ్లు ఫిర్యాదులు రాసుకునే కాగితం మీద రాయించండి. నోటితో చెప్పినది లెక్కలోకి రాదు. వారంటీ గడువులో రాయించిన ఫిర్యాదు, గడువు దాటాక పెద్దదైనా మీ వైపు సాక్ష్యంగా నిలుస్తుంది. ప్రింట్ చెరిగిపోయే చిన్న రసీదులు ఇస్తారు, వాటిని అదే రోజు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

క్లెయిమ్ తిప్పి పంపితే కారణాన్ని కాగితం మీద అడగండి. ఏ నిబంధన కింద కాదన్నారో రాయమనండి. చాలాసార్లు ఇలా అడగ్గానే షోరూం మేనేజర్ ఇంకోసారి కంపెనీకి పంపుతాడు. అక్కడా కుదరకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కి ఈమెయిల్, తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

దాని తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. రాష్ట్రం దాటి కొనేవాళ్లు ఈ ఒక్క సంగతి తప్పక తెలుసుకోవాలి: 2020 జులై నుంచి అమల్లో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కొన్న చోటే కాకుండా మీరు నివసిస్తున్న జిల్లాలో కూడా కేసు వేయవచ్చు. పార్వతీపురంలో కొన్న బండి మీద రాయగడలో, పాతపట్నంలో కొన్నదాని మీద పర్లాకిమిడిలో. 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు. సమస్య తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. లాయర్ తప్పనిసరి కాదు. ఇక్కడ చిరునామాకి ఆధార్, కరెంటు బిల్లు లాంటివి, బండి బిల్లు, వారంటీ సర్టిఫికెట్, జాబ్ కార్డులు, కాదన్న కాగితం జతచేస్తే చాలు.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు కూడా ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉందన్న మాట మీద రెండు మూడు వేలు ఎక్కువ పెడుతుంటారు. ఆర్‌సీ మీ పేరుకి మారినా ప్లాన్ దానంతట అది మారదు. కొన్ని కంపెనీలు దరఖాస్తు, చిన్న ఫీజు తీసుకుని మారుస్తాయి, కొన్ని మార్చవు. డబ్బు ఇచ్చేముందు ఛాసిస్ నంబర్ తీసుకుని దగ్గర్లోని సర్వీస్ సెంటర్‌కి వెళ్లి సర్వీస్ చరిత్ర, ప్లాన్ గడువు, పేరు మార్పు మూడూ అడగండి. సర్వీసుల మధ్య ఖాళీలు కనిపిస్తే ఆ వారంటీకి విలువ కట్టకుండా బేరం ఆడండి.